వాల్వులు వందలు, గాలి ఒక్కటే

వేలకొద్దీ చిన్న ప్రాసెసర్లను వలలా అల్లి ఒకే కంప్యూటర్‌గా నడపడం మేలా, ఒక్కదాన్నే బలంగా, వేగంగా తయారుచేసుకోవడం మేలా? మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసు గదిలో ఇద్దరు బావాబామ్మర్దులు దీని మీద పట్టుబట్టారు. బావ ఒకప్పుడు హైదరాబాద్‌లో ఏళ్ళ తరబడి ప్రోగ్రాములు రాసి, తండ్రికి వయసు మీదపడ్డాక మిల్లు చూసుకోడానికి తిరిగొచ్చినవాడు. బామ్మర్ది కోదాడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పాఠం చెబుతాడు. నేను ఇద్దరికీ కావలసినవాణ్ణి. అందుకని మధ్యలో కూర్చున్నాను కానీ, ఎటూ మొగ్గలేదని మాత్రం చెప్పను.

బామ్మర్ది: బావా, ముందొక సంగతి ఒప్పుకోండి. ఒక్క ప్రాసెసర్‌నే ఉరికించే కాలం అయిపోయింది. 2004 మే నెలలో ఇంటెల్ వాళ్ళు ‘తేజస్’ అని పేరు పెట్టుకున్న చిప్పును సగంలో వదిలేశారు. గడియారం వేగం పెంచాలంటే వోల్టేజీ పెంచాలి. కరెంటు ఖర్చేమో వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది, దాని మీద వేగంతో మళ్ళీ పెరుగుతుంది. ఆ లెక్కన వేగం రెండింతలు చేస్తే వేడి ఎనిమిదింతల దాకా పోతుంది. అదే పనిని రెండు నిదానపు కోర్లకు పంచితే వేడి రెండింతలతో సరి.

బావ: మన తేజస్ విమానం 2001లనే ఎగిరె. వాళ్ళ తేజస్ వేడికి నేల మీదనే పండుకున్నది. అది సరే సారూ, నువ్వు ‘పంచితే’ అన్నవు చూడు, ఆ మాట కాడనే నా పేచీ. పంచుడు నీ చేతిల ఉన్నదా? పని ఒప్పుకోవాలె గదా.

బామ్మర్ది: ఆమ్డాల్‌ను తెస్తున్నారు.

బావ: తేకుంటే ఎట్ల? జీన్ ఆమ్డాల్ ఆ ముక్క చెప్పింది 1967ల. సాగర్ కాలువలకు ఇందిరాగాంధీ నీళ్ళు ఇడిచింది కూడా ఆ ఏడే. మా ఊరి మిల్లులన్నీ ఆ నీళ్ళ పుణ్యమే. ఆమ్డాల్ లెక్క ఏమంటది? పనిల వందకు ఐదు వంతులు పంచరానిది ఉన్నదనుకో. 64 ప్రాసెసర్లు పెడితే వేగం 15 రెట్లు, చిల్లర. 1,024 పెట్టు, 19న్నర. లక్ష పెట్టు, ఇరవై దాటదు. అరవై నాలుగు నుంచి వెయ్యికి పోయేందుకు పదహారింతల సామాను కొన్నవు, వేగమేమో 15 రెట్ల నుంచి 19న్నరకే పెరిగె. నా మిల్లుల ఎవడన్న ఇట్ల పెట్టుబడి పెట్టమంటే గేటు దాటనియ్యను.

బామ్మర్ది: మీ మిల్లులోనే పెట్టారు కదా బావా. పదండి, సార్టెక్స్ దగ్గరికి.

లేచి వెళ్ళాం. సార్టెక్స్ అనేది నిజానికి ఒక బ్రిటిష్ కంపెనీ పేరు. ఇక్కడ ఏ కంపెనీ కలర్ సార్టర్‌నైనా అదే పేరుతో పిలుస్తారు, కిరాణా కొట్లో బస్తా మీద కూడా ‘సార్టెక్స్ బియ్యం’ అనే రాసి ఉంటుంది. వడ్లు శుభ్రమై, రాళ్ళు పోయి, షెల్లర్‌లో ఊక ఊడి, పాలిషర్‌లో తవుడు రాలి, నూకలు వేరయ్యాక చివరగా వచ్చేది ఈ యంత్రం దగ్గరికి. పైన హాపర్, దాని కింద వణికే ట్రే, అక్కడి నుంచి ఏటవాలుగా దిగే చ్యూట్. చ్యూట్ నిండా సన్నటి గాళ్ళు. ఒక్కో గాడిలో గింజ వెనక గింజ జారుతుంది. చ్యూట్ అంచు దాటి గాలిలో పడేచోట ముందొక కెమెరా, వెనకొక కెమెరా, పట్టపగల్లాంటి లైట్లు. గింజ కెమెరా ముందు నుంచి వాల్వు ముందుకు పడే ఆ కొన్ని మిల్లీసెకన్లలోనే అది తెల్లగింజా, నల్లదా, పసుపుదా తేలిపోవాలి. చెడ్డదైతే ఆ గాడి కిందున్న వాల్వు ఒక్క ఊపున గాలి చిమ్మి దాన్ని రిజెక్షన్ గొట్టంలోకి నెట్టేస్తుంది. పదడుగుల దూరంలో నిలబడితే వాల్వుల చప్పుడు రేకుల మీద వడగళ్ళు పడుతున్నట్టే ఉంటుంది.

బామ్మర్ది: ఇప్పుడు చెప్పండి. దీని పొట్టలో ఒక పెద్ద ప్రాసెసర్ కూర్చుని, మొదటి గాడి చూసి, రెండో గాడి చూసి, మూడోది చూసి... అలా వంతులవారీగా చూస్తే చివరి గాడి గింజ ఈపాటికి బస్తాలో పడి ఉండేది. ఎఫ్‌పీజీఏ చిప్పులో ఒక్కో గాడికి ఒక్కో చిన్న సర్క్యూట్ అల్లి పెట్టారు. దేనికది చూస్తుంది, దేనికది తేలుస్తుంది. ఈ గాడిలో గింజకు పక్క గాడి గింజతో మాటే లేదు. నేను క్లాసులో గంటసేపు చెప్పేది ఇదే.

బావ: మంచిగ చెప్పినవ్. ఇప్పుడు నేను చెప్త విను. పోయిన యాసంగిల వానకు తడిసిన లాటు ఒకటి వచ్చింది. మామూలుగ అయితే వందల గింజల్ల ఏదో ఒకటి చెడ్డది. ఆ లాటుల ఏ గాడి చూసినా పసుపు గింజనే. ఏమైందంటవు?

బామ్మర్ది: వాల్వులన్నీ ఒకేసారి పేలి ఉంటాయి.

బావ: పేలినయ్. వాల్వులన్నింటికీ గాలి ఇచ్చే కంప్రెసర్ ఎన్ని? ఒక్కటి! అన్నీ ఒక్కపారి గుంజేసరికి ప్రెషర్ పడిపాయె. ఊదుడు ఊదుతనే ఉన్నయ్, గింజ మాత్రం కదలదు. చెడ్డ గింజ మంచి గింజల పడుతున్నది. ఆపరేటర్ ఏం చేసిండు? ఫీడ్ సగానికి తగ్గించిండు. నువ్వు అన్న ఆ దేనికది సర్క్యూట్లన్నీ కరెక్టుగనే పనిచేస్తున్నయ్, మిషనేమో సగం పనికి దిగింది. నేను ప్రోగ్రాములు రాసిన రోజుల్ల కూడ ఇదే చూసిన. ఎనిమిది కోర్లు పెడ్తరు, ఎనిమిదీ ఒక్క మెమరీల నోరు పెడ్తయ్. నాలుగు దాటినంక కొత్త కోర్ పెడితే లాభం లేకపాయె, ఉన్నవి ఇంక ఆగుతున్నయ్.

ఇక్కడ నేను బావ వైపు. సమాంతర కంప్యూటర్ల గురించి మాట్లాడేవాళ్ళు ప్రాసెసర్ల సంఖ్య చెప్పి ఆగిపోతారు. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటన్న సంగతి ఎత్తరు. ఫలితం తేల్చేది ఆ ఉమ్మడి వస్తువే.

బామ్మర్ది: ఒప్పుకుంటాను. ఈ ఉమ్మడి మెమరీ తిప్పలను మొదట చవిచూసినవాళ్ళలో మనవాడూ ఉన్నాడు బావా. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి, 1994లో ట్యూరింగ్ అవార్డు తీసుకున్నాయన. డెబ్బైలలో ఆయన పనిచేసే కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో సీ.ఎంఎంపీ అని ఒక యంత్రం కట్టారు. పదహారు పీడీపీ-11 మినీ కంప్యూటర్లు, వాటికెదురు పదహారు మెమరీ పెట్టెలు, ఏ కంప్యూటరైనా ఏ పెట్టెనైనా అందుకునేలా మధ్యలో స్విచ్చు. రాజ్ రెడ్డి బృందం మాట విని అర్థం చేసుకునే హియర్‌సే-2 ప్రోగ్రామును ఇలాంటి యంత్రాన్ని దృష్టిలో పెట్టుకుని తీర్చింది. అందులో శబ్దం తెలిసిన భాగం ఒకటి, పదాలు తెలిసింది ఒకటి, వ్యాకరణం తెలిసింది ఒకటి. అందరికీ ఉమ్మడిగా ఒక బోర్డు. ఎవరికి తట్టింది వాళ్ళు బోర్డు మీద రాస్తారు, మిగతావాళ్ళు చూసి ముందుకు పోతారు.

బావ: ఒకడు రాస్తుంటే ఇంకొకడు అదే జాగల రాయకుండ తాళం వెయ్యాలె గదా?

బామ్మర్ది: వెయ్యాలి. ఆ తాళాల దగ్గరే బోలెడంత వేగం ఆవిరైంది. అందుకే తర్వాతివాళ్ళు ఇంకో దారి పట్టారు. ఉమ్మడి బోర్డు అసలే వద్దు. ఎవరి మెమరీ వాళ్ళదే. అవసరమైతే ఒకరికొకరు సందేశం పంపుకోండి, అంతే. ఇంగ్లండులో ఇన్‌మాస్ కంపెనీ చేసిన ట్రాన్స్‌ప్యూటర్ ఆ ఆలోచనకు పుట్టిన బిడ్డ. ప్రాసెసర్, కొంచెం మెమరీ, నాలుగు లింకులు, అన్నీ ఒకే చిప్పులో. నాలుగు చేతులతో నాలుగు పక్కల చిప్పులను పట్టుకుంటుంది, అంతే, వల తయారు. మన దేశం సూపర్ కంప్యూటర్ అనిపించుకున్నది ఆ వలతోనే కదా.

బావ: అనిపించుకున్నది. ఎందుకు అనిపించుకోవాల్సి వచ్చిందో అది గూడ చెప్పు.

బామ్మర్ది: అమెరికా అడిగిందల్లా అమ్మలేదు కాబట్టి. వాతావరణ కేంద్రానికి ఒకే ప్రాసెసర్ ఉన్న క్రే ఎక్స్-ఎంపీ ఒకటి ఇచ్చారు. బెంగళూరు ఐఐఎస్‌సీ అడిగిన దాని మీద మాత్రం తేల్చలేదు. దాంతో 1988లో పూణేలో సీ-డాక్ పెట్టారు, 1991కల్లా ట్రాన్స్‌ప్యూటర్లతో పరమ్ 8000 తయారైంది. ఇది అందరికీ తెలిసిన కథ. తెలియని కథ మన హైదరాబాద్‌ది. అదే 1988లో డీఆర్‌డీవో కింద అనురాగ్ అనే ల్యాబ్ మొదలైంది. వాళ్ళు కట్టింది ‘పేస్’. విమానం చుట్టూ గాలి ఎలా పారుతుందో లెక్కగట్టడానికే కట్టిన యంత్రం, పేరులోనే ఏరోడైనమిక్స్ ఉంటుంది. మోటరోలా 68020 ప్రాసెసర్లు, అంటే ఆ రోజుల్లో మంచి డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ఉండేవే. నాలుగు నోడ్‌లతో మొదలై 128 దాకా పోయారు. బెంగళూరులో నేషనల్ ఏరోస్పేస్ ల్యాబ్ వాళ్ళు 1986లోనే ఫ్లోసాల్వర్ కట్టారు, అదీ గాలి లెక్కలకే. చూశారా, అందరూ గాలి దగ్గరే మొదలుపెట్టారు.

బావ: ఎందుకంటే గాలి మా గింజల లెక్కనే ముక్కలయితది. కానీ మొత్తం కాదు. లెక్క చూద్దాం. రెక్క చుట్టూ ఉన్న గాలిని నిలువు, అడ్డం, ఎత్తు తలా వంద గడులుగ కోసినవనుకో. పది లక్షల గడులు. ప్రతి గడి తన పక్క గడిల ఏముందో తెలుసుకోవాలె. అంత ఒక్క కంప్యూటర్ల ఉంటే ఎవర్నీ అడిగే పని లేదు. 64 నోడ్‌లకు పంచు. ఒక్కోదానికి 25 ఇంటు 25 ఇంటు 25, అంటే 15,625 గడులు. అండ్ల అంచు మీద ఉన్నయ్ ఎన్ని? ఆరు ముఖాలు, ముఖానికి 625, రెండు ముఖాల్ల పడేటివి ఒక్కపారే లెక్కబెడితే మొత్తం 3,458. దగ్గర దగ్గర నాలుగోవంతు! తన పనిల నాలుగోవంతు గడుల సంగతి అడుగడుక్కు పక్కింటోనికి చెప్పుకోవాలె. ఇంకా చిన్నగ కొయ్యి, మాటలే మిగుల్తయ్, పని ఉండదు.

బామ్మర్ది: కోసే పద్ధతి తప్పు బావా అది. నోడ్‌లు ఎక్కువైనప్పుడు ముక్క చిన్నది చెయ్యడం కాదు, సమస్యే పెద్దది చెయ్యాలి. 1988లో అమెరికాలో సాండియా ల్యాబ్‌లో జాన్ గుస్తాఫ్‌సన్ వాళ్ళు 1,024 ప్రాసెసర్ల యంత్రం మీద వెయ్యి రెట్ల వేగం చూపించారు. ఆమ్డాల్‌ను తప్పని నిరూపించలేదు. పని అంతే ఉంచి మనుషులను పెంచుతున్నావు, నేను మనుషులతో పాటు పని కూడా పెంచుతాను అన్నాడు. ముక్క సైజు అదే, అంచు అంతే, ముక్కలే ఎక్కువ.

బావ: అంటే వెయ్యి మంది దొరికిండ్రని వెయ్యి మందికి సరిపడ పని ఎతుక్కునుడా?

బామ్మర్ది: ఎతుక్కోనక్కర్లేదు, అది ఉంది. మీరు వ్యాపారం చేసేదే ఆ పని మీద.

బావ: ఉండు ఉండు, ఆ మాటకు వస్త. అంతకుముందు ఈ వలలు అమ్ముకున్న కంపెనీల సంగతేంది? డానీ హిల్లిస్ కనెక్షన్ మిషన్ చేసిండు. 65,536 ప్రాసెసర్లు, ఒక్కోటి ఒక్క బిట్టు పనోడు.

బామ్మర్ది: అద్భుతం అది. ఒక్కో చిప్పులో పదహారు ప్రాసెసర్లు, మొత్తం 4,096 చిప్పులు. ఒక్కో చిప్పుకు పన్నెండు బిట్ల నంబరు ఇచ్చారు, ఒక్క బిట్టు తేడా ఉన్న చిప్పులను వైరుతో కలిపారు. ఎక్కడి నుంచి ఎక్కడికైనా పన్నెండు గెంతుల్లో చేరొచ్చు. సందేశాలు దారి మళ్ళించే రౌటర్ లెక్కలు కట్టింది ఎవరనుకున్నారు? రిచర్డ్ ఫైన్‌మన్! ఎండాకాలం పనికి వచ్చి కూర్చున్నాడు.

బావ: ఫైన్‌మన్ కూర్చున్నా 1994ల హిల్లిస్ కంపెనీ దివాలా తీసింది. నీ ట్రాన్స్‌ప్యూటర్ సంగతి కూడ అంతే. ఇన్‌మాస్ చేతులు మారె, తర్వాతి చిప్పు ఆలస్యమాయె, మన సీ-డాక్ వాళ్ళు పరమ్ 9000 కాడికి వచ్చేసరికి వేరే ప్రాసెసర్లకు మారిండ్రు. ఎందుకు ఓడిపోయినయ్? సామాను మంచిదే. ప్రోగ్రాములు రాసెటోడు లేడు. ఉన్న ఫోర్ట్రాన్ ప్రోగ్రాం తెచ్చి పెడితే ఉరకదు, మొదట్నుంచి మళ్ళ రాయాలె. రాసేలోపు మామూలు ప్రాసెసర్ రెండింతలు వేగం అయితుండె ఆ రోజుల్ల. ఊకె కూసున్నోడే గెలిచిండు.

బామ్మర్ది: ఆ రోజుల్లో! 2004 తర్వాత ఊరికే కూర్చున్నవాడికి ఏమీ రాలేదు. 2007లో ఎన్విడియా క్యూడా ఇచ్చింది. ఆటల బొమ్మలు గీయడానికి పెట్టిన వందల చిన్న కోర్లను మామూలు ప్రోగ్రామర్ కూడా సీ భాషలో వాడుకునేలా చేసింది. ఇవాళ ఒక్క చిప్పులో వేల కోర్లు. మీ ఫోన్ తెలుగు మాట విని రాస్తోంది అంటే వెనకాల ఆ కోర్లే. హిల్లిస్ ఓడిపోలేదు బావా, ఇరవై ఏళ్ళు ముందు వచ్చాడు.

బావ: ముందు వచ్చిండనుడు కూడ ఓడిపోవుడే, వ్యాపారంల.

దీని మీద ఇద్దరూ కాసేపు అరుచుకున్నారు. అది రాయడం వృథా. ఎవరి మాటా ఎవరికీ కొత్త కాదు. టీ వచ్చాక అసలు విషయానికొచ్చారు.

బామ్మర్ది: ఇందాక మీరు ఆపారు. మీ తడిసిన లాటు ఎక్కడిది?

బావ: సూర్యాపేట మార్కెట్ యార్డుల ఎండబోసిన వడ్లు. రెండు గంటల వాన. పట్టాలు కప్పేలోపు కుప్పల కిందికి నీళ్ళు పొయ్యినయ్. కోదాడల చుక్క పడలేదంట ఆ రోజు.

బామ్మర్ది: సూర్యాపేటకూ కోదాడకూ నలభై కిలోమీటర్ల పైచిలుకు. వాతావరణ నమూనా దేశం మీద 12 కిలోమీటర్ల గళ్ళు గీస్తే ఈ రెండు ఊళ్ళ మధ్య మూడు నాలుగు గళ్ళుంటాయి. చిన్న క్యుములోనింబస్ మబ్బు అందులో ఎక్కడ దాక్కుందో దానికి తెలియదు. 2025 మే నెల నుంచి మన వాతావరణ శాఖ భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అని 6 కిలోమీటర్ల గళ్ళతో లెక్క చేస్తోంది. ఇలాంటి లెక్కల కోసమే పూణేలో ‘అర్క’, నోయిడాలో ‘అరుణిక’ అని రెండు సూపర్ కంప్యూటర్లు. అర్క 11.77 పెటాఫ్లాప్స్. గడి సగానికి తగ్గితే గళ్ళు నాలుగింతలు. గుస్తాఫ్‌సన్ చెప్పింది ఇదే. పని ఎతుక్కోలేదు, సూర్యాపేట యార్డులో పోసి ఉంది.

బావ: గళ్ళు నాలుగింతలే, పని ఎనిమిదింతలు.

బామ్మర్ది: ...అవును.

బావ: ఎందుకో సారు నువ్వే చెప్పు, మన దోస్తుకు అర్థమయ్యేటట్టు.

బామ్మర్ది: గడి చిన్నదైతే గాలి దాన్ని దాటే సమయం కూడా తగ్గుతుంది. కాలాన్ని అంగలుగా లెక్కిస్తాం కదా, మామూలు పద్ధతుల్లో ఒక అంగలో గాలి ఒక గడికి మించి దూకితే లెక్క పిచ్చిపిచ్చిగా పేలిపోతుంది. కాబట్టి గడి సగమైతే అంగ కూడా సగం చెయ్యాలి. ఒక రోజును లెక్కగట్టడానికి రెట్టింపు అంగలు.

బావ: ఆ నాలుగింతల గళ్ళు నీ వేల ప్రాసెసర్లకు పంచు, కాదనను. మరి ఆ రెట్టింపు అంగలు? పది గంటల గాలి తేలకుంటే పది గంటల ఒక నిమిషం గాలి ఎట్ల తేలుస్తవు? దాన్ని ఎవరికి పంచుతవు?

బామ్మర్ది: కాలాన్ని కూడా పంచే పద్ధతులున్నాయి బావా. ముందు ముతక అంచనా ఒకటి వేసి, తర్వాత ముక్కలుగా సరిదిద్దుకుంటూ పోతారు. వేడి పాకడం లాంటి లెక్కల్లో బాగా పనిచేస్తాయి.

బావ: గాలి లెక్కల్ల?

బామ్మర్ది: అలలుగా కదిలేవాటిలో కష్టమే. అంచనా దగ్గరే తేడా వచ్చి, సరిదిద్దుకునే ఖర్చు మిగిలిన వేగాన్ని తినేస్తుంది.

బావ: అయితే 6 నుంచి 3 కిలోమీటర్లకు పోవాలంటే, నీ నోడ్‌లు నాలుగింతలు చేసినా జవాబు వచ్చే టైం రెట్టింపు అయితది. పొద్దుగాల ఆరింటికి రావాల్సిన అంచనా పదకొండింటికి వస్తే నాకేం పని, అప్పటికి వడ్లు ఎండబోసి ఉంటయ్. ఒక్కో అంగ సగం టైంల తేలాలె. అంటే అంగ అంగకు మధ్య నీ నోడ్‌లు పంపుకునే సందేశం సగం టైంల పోవాలె, ఒక్కో కోర్ తన ముక్కను సగం టైంల ముగించాలె. గా పనికి కోర్ల సంఖ్య పనికిరాదు, కోర్ వేగం కావాలె. నా మాట అదే మొదటి నుంచీ.

బామ్మర్ది: ముక్కలు ఇంకా చిన్నవి చేసి ఇంకా ఎక్కువ కోర్లకు ఇస్తే ఒక్కో అంగ త్వరగానే తేలుతుంది.

బావ: అప్పుడు అంచు నాలుగోవంతు కాదు, సగానికి దగ్గరయితది.

బామ్మర్ది మాట్లాడలేదు. పేపర్ మీద 12 ఇంటు 12 ఇంటు 12 అని రాసుకుని, ఆరు ముఖాల గడులు లెక్కగట్టి, 1,728లో 728 అని చూసి పెన్ను పక్కన పెట్టాడు. తర్వాత అంచుల సందేశాలు పోతున్నంత సేపూ లోపలి గడుల పని చేయిస్తే ఆ ఖర్చు కొంత దాచొచ్చని, మంచి ప్రోగ్రాములన్నీ అదే చేస్తాయని అన్నాడు. బావ అది ఒప్పుకున్నాడు, ఎందుకంటే ఒకప్పుడు తను రాసినవి అలాంటి ప్రోగ్రాములేనట. లోపల గడులే మిగలనప్పుడు దేని వెనక దాస్తావని మాత్రం అడిగాడు. దానికి బామ్మర్ది దగ్గర ఆ సాయంత్రం జవాబు లేదు. నాకు తెలిసినంతలో అర్క దగ్గర కూర్చున్నవాళ్ళు పోరాడుతున్నదీ ఈ ప్రశ్నతోనే.